సముద్రం అడుగు నుంచి ఒక్క మాట చెప్పాలంటే ఎంత బ్యాటరీ కావాలి?

పోయిన ఎపిసోడ్ కింద ఒకరు కామెంట్ పెట్టారు: "అన్నా, ఎప్పుడూ ఫోన్ బ్యాటరీ గోలేనా, వేరే ఏదైనా చెప్పు" అని. సరే, వేరేదే చెప్తా. కానీ ఈసారి కూడా బ్యాటరీ గురించే. కాకపోతే ఆ బ్యాటరీ ఉండేది మీ జేబులో కాదు, బంగాళాఖాతం అడుగున. అక్కడ ఛార్జర్ ఉండదు, పవర్ బ్యాంక్ ఉండదు. అయిపోతే మార్చడానికి ఓడ వేసుకుని పోవాలి. అది పనిచేస్తేనే మన తీరానికి సునామీ కబురు టైముకి వస్తుంది.

ముందు మా ఇంటి కథతో మొదలుపెడతా. అందులో నా పరువు కొంచెం పోయింది, అయినా పర్లేదు.

మామ బోటు, నా తప్పు లెక్క

మా మామది మైపాడు వైపు ఫైబర్ బోటు. దానికి ఒక ఫిష్ ఫైండర్ పెట్టించాడు. పైన చిన్న స్క్రీను, కింద నీళ్ళలో ఒక గుండ్రటి బిళ్ళ. ఆ బిళ్ళ నీళ్ళలోకి శబ్దం వదులుతుంది. అది అడుగుకో చేపల గుంపుకో తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు లెక్కేసి స్క్రీన్ మీద గీస్తుంది.

ఒక రాత్రి నడి సముద్రంలో బోటు బ్యాటరీ పడిపోయింది. లైటు లేదు, ఫోన్ ఛార్జింగ్ లేదు. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే ఇంజను కాబట్టి సరిపోయింది, చీకట్లోనే ఒడ్డుకి వచ్చారు. పొద్దున నేను బీటెక్ బుర్రతో రంగంలోకి దిగా. ఫైండర్ మీద 300 వాట్లు అని రాసుంది. బ్యాటరీ 12 వోల్టులు. 300ని 12తో భాగిస్తే 25 ఆంపియర్లు. "మామా, నీ బ్యాటరీని మింగేసింది ఇదే" అని తీర్పు చెప్పేశా.

మామ నన్నొకసారి, వైరునొకసారి చూసి, "అది కాదబ్బయ్యా, 25 ఆంపియర్లు లాగితే ఈ వైరు ఈపాటికి కాలిపోవాల గదా? ఇది నీ ఇయర్‌ఫోన్ వైరంత ఉంది" అన్నాడు.

మీటర్ పెట్టి చూస్తే ఫైండర్ లాగేది ఒక ఆంపియర్ కూడా లేదు. అందులోనూ చాలా భాగం స్క్రీన్ వెలుగుకే. అసలు దొంగ పక్కనే వేలాడుతున్న పాత హెడ్‌లైట్ బల్బు. 55 వాట్లు, అంటే నాలుగున్నర ఆంపియర్లు. పైగా ముసలి బ్యాటరీ.

మరి ఆ 300 వాట్లు అబద్ధమా? కాదండి. ఫైండర్ 300 వాట్లతోనే అరుస్తుంది, కానీ సెకనులో వెయ్యో వంతు అంత తక్కువ సేపు అరిచి, మిగతా టైమంతా నోరు మూసుకుని వింటుంది. నేను చూసింది అరుపు బలం. బ్యాటరీ చూసేది మొత్తం ఎంతసేపు అరిచావని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

అసలు శబ్దమే ఎందుకు?

నీళ్ళలో వైఫై, జీపీఎస్, మన ఫోన్ సిగ్నల్ ఏవీ పనిచేయవు. ఉప్పునీరు రేడియో తరంగాల్ని ఇట్టే మింగేస్తుంది. వెలుతురు కూడా కొన్ని వందల మీటర్ల లోతుకి వచ్చేసరికి దాదాపు ఉండదు. మిగిలింది శబ్దం ఒక్కటే. అది నీళ్ళలో సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకి పైగా వేగం. తిమింగలాలు మాట్లాడుకునేది దాంతోనే, జలాంతర్గాములు వెతికేది దాంతోనే.

ఇప్పుడు 2004 డిసెంబర్ 26 గుర్తు చేసుకోండి. సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది మన టైము ప్రకారం పొద్దున ఆరున్నరకి. అల మన కోస్తాని తాకడానికి రెండు గంటలకి పైనే పట్టింది. ఆ టైములో తీరంలో ఎవరికీ కబురు లేదు. ఆంధ్రా తీరంలోనే వందమందికి పైగా చనిపోయారు, మన నెల్లూరు తీరంలోనూ పోయారు. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి. ఆ రోజు గురించి మా ఇంట్లో ఇప్పటికీ గట్టిగా మాట్లాడుకోరు.

ఆ తర్వాత 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో మన సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. దానికి సముద్రం మధ్య నుంచి సమాచారం ఇచ్చే బాయ్‌లు చూసుకునేది చెన్నై పళ్ళికరణైలో ఉన్న ఎన్‌ఐఓటీ, అంటే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. మన తీరంలో పామంజి దగ్గర కూడా వాళ్ళ కేంద్రం ఒకటుంది.

ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. సముద్రం అడుగున, వేల మీటర్ల లోతులో, ఒక ప్రెషర్ రికార్డర్ కూర్చుని ఉంటుంది. పైన నీటి ఎత్తు కొన్ని సెంటీమీటర్లు మారినా దానికి తెలిసిపోతుంది. తెలిసిన విషయాన్ని శబ్దంగా మార్చి పైకి పంపుతుంది. పైన తేలే బాయ్ ఆ శబ్దాన్ని విని శాటిలైట్‌కి పంపుతుంది, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి. మూడు కిలోమీటర్ల లోతు అనుకుంటే, అడుగు నుంచి పైకి ఒక మాట చేరడానికి రెండు సెకన్లు. "విన్నావా?" అని అడిగి "విన్నా" అనిపించుకోవడానికి నాలుగు.

మాటకే ఎక్కువ బ్యాటరీ

అమెరికా వాళ్ళ డార్ట్ అనే బాయ్ వివరాలు బయట దొరుకుతాయి, మన బాయ్‌ల సూత్రమూ అదే కాబట్టి దాని లెక్కే చూద్దాం. డార్ట్ రెండో తరం యంత్రంలో అడుగున రెండు బ్యాటరీ కట్టలుంటాయి. ఒకటి ఒత్తిడి కొలవడానికీ లోపలి కంప్యూటర్‌కీ: 1560 వాట్-అవర్లు. ఇంకొకటి కేవలం శబ్దంతో మాట్లాడే మోడెమ్‌కి: 2000 వాట్-అవర్లకి పైగా. వాడేది ఏ సెల్సో తెలుసా? ఆల్కలైన్ డీ సెల్స్. మన పెద్ద టార్చిలైట్‌లో వేసే సైజువే. వాటితో నాలుగేళ్ళు నడవాలి.

మీ ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్-అవర్లు. అంటే ఆ మోడెమ్ దగ్గర ఉన్నది వంద ఫోన్ల ఛార్జింగ్. నాలుగేళ్ళకి వంద ఫోన్లు, అంటే రెండు వారాలకి ఒక్క ఫోన్ ఛార్జింగ్ చొప్పున. కొలవడం, ఆలోచించడం కంటే చెప్పడానికే ఎక్కువ బ్యాటరీ పెట్టారు చూడండి. కాబట్టి ఆ చెప్పడంలో ఎంత ఆదా చేస్తే యంత్రం అంత కాలం బతుకుతుంది.

ఆదా చేయడమంటే గొంతు తగ్గించడం కాదు. గొంతు తగ్గిస్తే పైన బాయ్‌కి వినపడదు. మళ్ళీ చెప్పాలి, ఇంకా దండగ. మరేం చేస్తారు? నాకు అర్థమైనంతలో ఐదు పనులు.

ఒకటి: అవసరం లేనప్పుడు మాట్లాడకపోవడం

నా ఫేవరెట్ ఇదే, ఎందుకంటే ఇది సాఫ్ట్‌వేర్. డార్ట్ ప్రతి 15 సెకన్లకీ ఒత్తిడి కొలుస్తుంది. అన్నీ పైకి పంపితే బ్యాటరీ నెలల్లో గోవిందా. అందుకే గత మూడు గంటల కొలతల్ని బట్టి "ఇప్పుడు నీటి ఎత్తు ఇంత ఉండాలి" అని లోపలే అంచనా వేసుకుంటుంది. ఆటుపోట్లు ఆ అంచనాలోనే కలిసిపోతాయి. అసలు కొలత ఆ అంచనాకి 3 సెంటీమీటర్లు దాటి తేడా వస్తేనే నిద్రలేచి గడగడా మాట్లాడుతుంది. మిగతా రోజుల్లో అప్పుడప్పుడూ "నేను బతికే ఉన్నా" అని ముక్తసరిగా ఒక కబురు, అంతే.

కొన్ని లైన్ల కోడ్ ఇంత బ్యాటరీ మిగులుస్తుందంటే, పాత ఉద్యోగంలో నేను రాసిన కోడ్ గుర్తొచ్చి సిగ్గేసింది.

రెండు: నీటికి సరిపోయేలా తోయడం

శబ్దం పుట్టించేది పీజో సెరామిక్ అనే పదార్థం. వోల్టేజ్ ఇస్తే సన్నగా సాగుతుంది, తీసేస్తే ముడుచుకుంటుంది. కానీ అది రాయిలా గట్టిది, నీళ్ళు మెత్తన. అలాగే పెడితే దాని ఊపు చాలావరకు లోపలే తిరుగుతుంది, బయటికి రాదు.

మీరు ఒక పడవలో నిలబడి పక్క పడవని తోశారనుకోండి, మీరే వెనక్కి పోతారు. గట్టు మీద నిలబడి తోస్తే? ఆ పడవే ముందుకి పోతుంది. ఈ యంత్రంలోనూ అదే కిటుకు. సెరామిక్ బిళ్ళల దొంతరకి వెనక బరువైన ఉక్కు ముక్క, ముందు తేలికైన వెడల్పు అల్యూమినియం ముక్క పెట్టి బోల్టుతో బిగిస్తారు. వెనకది గట్టులా నిలబడుతుంది, ముందుది నీటిని తోస్తుంది. పుట్టగొడుగులా ఉంటుందని జర్మన్లు దీన్ని టోన్‌పిల్జ్ అన్నారు, అంటే శబ్దపు పుట్టగొడుగు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో జలాంతర్గాముల్ని పట్టుకోవడానికి ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవిన్ ఉక్కు పలకల మధ్య క్వార్ట్జ్ పెట్టి చేసిన యంత్రం దీనికి తాతలాంటిది.

ఇంకొకటి, ఊయల. సరైన టైములో చిన్నగా తోసినా పైకి లేస్తుంది. టైము తప్పితే ఎంత బలం పెట్టినా చేతులు నొప్పే. ప్రతి ట్రాన్స్‌డ్యూసర్‌కీ తనదైన ఒక శ్రుతి ఉంటుంది. ఆ శ్రుతిలో ఊపితే ఇచ్చిన కరెంటులో సగానికి పైగా శబ్దంగా మారగలదు. శ్రుతి తప్పితే ఎక్కువ భాగం వేడే. అందుకే ఎన్‌ఐఓటీ లాంటి చోట్ల శబ్ద పరీక్షల కోసం పెద్ద నీళ్ళ తొట్టి కట్టుకుని, ఒక్కో యంత్రం ఏ శ్రుతిలో ఎంత పలుకుతుందో కొలుస్తారు.

మూడు: సరైన శ్రుతి ఎంచుకోవడం

ఇక్కడ ఒక చిక్కుంది. కీచు శబ్దాన్ని సముద్రం త్వరగా మింగేస్తుంది, బొంగురు శబ్దం చాలా దూరం పోతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకి సుమారు ఒక డెసిబెల్ పోతుంది. మూడు కిలోమీటర్లు ఎక్కేసరికి నీరు మింగింది పోను సగం మిగులుతుంది. అదే 40 కిలోహెర్ట్జ్ అయితే వందో వంతు కూడా మిగలదు.

అయితే ఇంకా కిందికి, ఒక కిలోహెర్ట్జ్‌కి పోదామా? అక్కడ ఒక్కో అల పొడవే మీటరున్నర. చిన్న బిళ్ళతో అంత పొడుగు అలని పుట్టించడమంటే గరిటెతో పడవ నడిపినట్టు. నీరు పక్కలకి జారిపోతుంది, పని జరగదు. పెద్ద యంత్రం కావాలి, దానికి ఖర్చూ బరువూ. అందుకే ఇలాంటి మోడెమ్‌లు ఎక్కువగా 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల మధ్యస్థంగా స్థిరపడ్డాయి.

నాలుగు: వినేవాడి వైపే మాట్లాడటం

వినాల్సిన బాయ్ పైన ఉంది. కిందనున్న బురదకి చెప్పి లాభమేంటి? శబ్దాన్ని పై సగానికే పంపితే, అంతే వినపడటానికి సగం కరెంటు చాలు. ఇంకా సన్నగా, గరాటు లాగా పంపితే ఇంకా తక్కువ. కానీ మరీ సన్నగా పంపకూడదు. బాయ్ తాడుకి కట్టి ఉంటుంది కదా, ప్రవాహాన్ని బట్టి అటూ ఇటూ తిరుగుతుంది. గరాటు దాటి బయటికి పోతే ఎంత అరిచినా వృథా.

ఐదు: ఆంప్లిఫయర్, వినడం

మీ బ్లూటూత్ స్పీకర్‌లో ఉండే క్లాస్-డీ ఆంప్లిఫయర్ ఇక్కడా పనికొస్తుంది. పాత రకాల్లో చాలా భాగం వేడిగా పోతుంది, ఇందులో తొంభై శాతం దాకా బయటికి వస్తుంది. దాంతో పాటు సెరామిక్‌కి జతగా సరైన కాయిల్ పెడతారు. లేకపోతే కరెంటు పని చేయకుండా ఊరికే ముందుకీ వెనక్కీ ఊగుతూ దారిలో వైర్లని వేడెక్కిస్తుంది.

చాలామంది మర్చిపోయేది వినడానికయ్యే ఖర్చు. "పై నుంచి ఆర్డర్ ఏమైనా వస్తుందా" అని వింటూ కూర్చోవడానికి పదో వంతు వాట్ తీసుకుందనుకోండి, చిన్నదే కదా? ఏడాదికి 876 వాట్-అవర్లు. రెండేళ్ళు దాటి కొన్ని నెలలకే మొత్తం 2000 గల్లంతు, ఒక్క మాట కూడా మాట్లాడకుండానే! అందుకే ఒక చిన్న సర్క్యూట్ మాత్రం మేలుకుని ఉంటుంది, దానికి తెలిసిన పిలుపు వినపడితేనే మిగతాదాన్ని లేపుతుంది. మీ ఫోన్ స్క్రీన్ ఆపాక యాప్స్‌ని నిద్రపుచ్చేది కూడా ఇందుకే.

ముప్ఫై రోజుల గొంతు

ఇదంతా లెక్కల కోసం కాదండి. దీని వెనక మనుషులున్నారు.

విమానాల బ్లాక్ బాక్స్‌కి ఒక చిన్న బీకన్ తగిలించి ఉంటుంది. నీళ్ళు తగిలితే తనంతట తానే మొదలవుతుంది. 37.5 కిలోహెర్ట్జ్‌లో, సెకనుకొకసారి, సెకనులో వందో వంతు సేపు పిలుస్తుంది. పాత ప్రమాణం ప్రకారం అలా 30 రోజులు పిలవాలి. గుక్క తిప్పుకోకుండా అరిచి ఉంటే అదే బ్యాటరీ ఏడు గంటల్లో అయిపోయేది. నేను లెక్కేసి చూశా: ఆ 30 రోజుల్లో అది నీళ్ళలోకి వదిలే శబ్దం మొత్తం కలిపినా ఒక్క వాట్-అవర్ కూడా కాదు. మీ ఫోన్‌లో ఇరవయ్యో వంతు.

2015 జూన్ 8న చెన్నై నుంచి ఎగిరిన కోస్ట్ గార్డ్ డోర్నియర్ విమానం ముగ్గురితో మాయమైంది. దానికి బీకన్ ఉంది. ఆ పిలుపు అడపాదడపా నౌకలకి అందింది. నేవీ సింధుధ్వజ్ జలాంతర్గామిని దింపి వినిపించింది. చివరికి ఒలింపిక్ క్యానియన్ అనే ఓడ జూలైలో, దాదాపు వెయ్యి మీటర్ల లోతులో ఆ రికార్డర్‌ని పట్టుకుంది. ఒక నెల చిల్లర.

ఏడాది దాటాక, 2016 జూలై 22న, తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఎనిమిది మంది మన విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. నీళ్ళలో పిలిచే బీకన్ ఆ విమానంలో లేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఏడేళ్ళు దాటాక, 2024 జనవరిలో, ఎన్‌ఐఓటీ వాళ్ళ మానవరహిత వాహనం 3400 మీటర్ల లోతులో తీసిన ఫొటోల్లో శకలాలు కనిపించాయి. ఏడేళ్ళపాటు ఆ ఇళ్ళల్లో తలుపు చప్పుడైనప్పుడల్లా ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. అంత లోతులో 37.5 కిలోహెర్ట్జ్ బీకన్ ఉన్నా పైనున్న ఓడకి వినపడటం కష్టమే, ఇందాక చెప్పిన శ్రుతి చిక్కు వల్ల. 2009లో ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో పడింది. బీకన్ పిలుపు ఎవరూ పట్టుకోలేకపోయారు, అడుగున ఉన్న ప్రధాన శకలాలు దొరకడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ దెబ్బకే ప్రపంచం రెండు మార్పులు చేసుకుంది: బీకన్ 30 కాదు 90 రోజులు పిలవాలి, పెద్ద విమానాల్లో 8.8 కిలోహెర్ట్జ్ బొంగురు గొంతు బీకన్ కూడా ఉండాలి. ఒకటి బ్యాటరీ సంగతి, ఇంకొకటి శ్రుతి సంగతి. మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నవే.

మనం చేయగలిగింది

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర మళ్ళీ 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. మన తూర్పు తీరానికి హెచ్చరిక వచ్చింది, జనం భయపడ్డారు. కానీ సముద్రంలోని కొలతలు పెద్ద అల లేదని చూపించడంతో అదే రోజు హెచ్చరిక తీసేశారు. అలని పట్టుకోవడం ఎంత ముఖ్యమో, "అల లేదు, ఇళ్ళకి పోండి" అని నమ్మకంగా చెప్పగలగడం కూడా అంతే ముఖ్యం. ఆ నమ్మకం ఇచ్చేది అడుగున టార్చి సెల్స్‌తో కూర్చున్న ఆ యంత్రమే.

సముద్రంలో పసుపు రంగు బాయ్‌ల కింద చేపలు చేరతాయి. అందుకని కొన్ని బోట్లు వాటికి తాడు కట్టేస్తాయి, కొందరు సోలార్ పలకలు, సెల్స్ పీక్కుపోతారు. ఎన్‌ఐఓటీకి ఇది ఎప్పట్నుంచో తలనొప్పి. పైన బాయ్ చెడిపోతే, కింద యంత్రం ఎంత పొదుపుగా, ఎంత శ్రుతిలో పిలిచినా వినే చెవి ఉండదు.

ఈ సంగతి మామకి చెప్పా. ఆయన కాసేపు ఊరుకుని, "మా ఫైబర్ బోట్లు అంత దూరం పోవురా. హార్బర్‌లో పెద్ద బోట్ల వాళ్ళు ఉండారు, వాళ్ళతో నేను మాట్లాడతా" అన్నాడు. హెడ్‌లైట్ బల్బు కూడా తీసేసి ఎల్‌ఈడీ పెట్టాడు లెండి.

మీ ఊళ్ళో, మీ చుట్టాల్లో వేటకి పోయేవాళ్ళుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. బోటు మీద ఫైండర్ వాడుతుంటే అది ఎంత కరెంటు లాగుతుందో మీటర్ పెట్టి కొలిచి కామెంట్‌లో రాయండి. నాలాగా డబ్బా మీద నంబర్ చూసి మాత్రం లెక్కేయకండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా.